ఇంట కూర్చుండి చేయు ఉద్యోగము

ఉద్యోగమనగా ఉదయమున ఇల్లు విడిచి సాయంత్రమునకు తిరిగి వచ్చుట యను భావము మన భద్రావతి తెలుగు కుటుంబములలో గాఢముగా నాటుకొని యున్నది. ఇందులో ఆశ్చర్యము లేదు. మన పెద్దలలో పెక్కుమంది ప్రాణహితకును గోదావరికిని ఆవలి జిల్లాల నుండి ఈ చాందా సీమకు వచ్చినది బొగ్గు గనుల పనికి, కర్మాగారముల పనికి. గని ఇంటికి రాదు. ఆయుధ కర్మాగారపు పని అరుగు మీద సాగదు. కావున మనిషియే పనిని వెదకికొని పోయెను. సైరను కూత విని లేచుట, డబ్బా కట్టుకొని సైకిలెక్కుట, హాజరు వేయించుకొనుట, షిఫ్టు ముగిసినంతనే ఇల్లు చేరుట: రెండు మూడు తరముల జీవితము ఈ వరుసలోనే గడచినది.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ నుండి కరోనా మహమ్మారి కారణమున దేశమంతట లాక్‌డౌను విధింపబడినపుడు ఈ వరుస తప్పినది. హైదరాబాదు, పూణే, నాగపూరు, బెంగుళూరు నగరములలో ఉద్యోగములు చేయుచుండిన మన పిల్లలు లాప్‌టాపులు చేతబట్టుకొని ఇండ్లకు చేరిరి. కొన్ని వారముల ముచ్చట యనుకొన్నది కొన్ని సంవత్సరములాయెను. 2023 నాటికి పెక్కు కంపెనీలు తమ వారిని కార్యాలయములకు మరల పిలిచినవి. అయినను పని ఇంటిని పూర్తిగా విడువలేదు. వారమునకు రెండు మూడు దినములు ఇంటనుండి చేయువారు కొందరు. కార్యాలయపు గడప త్రొక్కకయే లెక్కలు వ్రాయువారు, పాఠములు చెప్పువారు, ఫోనుమీద ఖాతాదారులకు బదులు చెప్పువారు మరికొందరు. వీరిలో మన కొడుకులే గాక కోడండ్రును, కూతుండ్రును ఉన్నారు.

ఇట్టి పని చక్కగా సాగుటకు ఏమి కావలెనని అడిగినచో చాలమంది చేయువాని క్రమశిక్షణను గూర్చియే ప్రసంగింతురు. పెందలకడ లేవవలెను, స్నానము చేసి బట్టలు మార్చుకొనవలెను, ఫోను దూరముగ నుంచవలెను అని హితవు పలుకుదురు. ఇవి మంచి మాటలే. కాని ఇంటనుండి చేయు పని ఫలించుట చేయువాని చేతిలో సగమే యున్నదనియు, తక్కిన సగము ఇంటివారి చేతిలో నున్నదనియు మా అభిప్రాయము. ఆ రెండవ సగమును గూర్చి మన ఇండ్లలో తగినంత ఆలోచన జరుగుట లేదు.

ఇంటివారి సహకారమనగా ఏమో మనకు తెలియని సంగతి కాదు. రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి వచ్చిన మనిషి పగటివేళ నిద్రించుచుండగా ఇల్లంతయు ఎట్లు మెలగునో పాఠకులకు వివరింపనక్కర లేదు. కిటికీకి దుప్పటి కట్టుదురు. రేడియో ఆపివేయుదురు. పిల్లలను పొరుగింట ఆడుకొమ్మని పంపుదురు. వచ్చిన చుట్టమును వసారాలోనే కూర్చుండబెట్టి, మామయ్య నైటు డ్యూటీ చేసి వచ్చి పండుకొన్నాడని మెల్లగా చెప్పుదురు. ఆ చుట్టమును దానిని తప్పుపట్టడు. ఆ నిద్రయే ఆ రాత్రి హాజరుకు ఆధారమనియు, నిద్ర చాలని మనిషి గనిలో అడుగిడుట ప్రాణాపాయమనియు ఇంటిల్లిపాదికిని తెలియును. నిద్రించుచున్న మనిషికి సైతము ఇంతటి మర్యాద చూపినవారము మనము.

నేడు అదే ఇంటిలో కోడలు కంప్యూటరు ముందు కూర్చుండి పై అధికారితో మాటలాడుచుండగా, ఇంటిలోనే ఉన్నావు గదా యని గ్యాసు సిలిండరు తెచ్చినవానికి తలుపు తీయుమందురు. పాలు పొంగకుండ చూడుమందురు. కొడుకు తలవంచుకొని పని చేసికొనుచుండగా, ఎట్లును కూర్చుండియే యున్నావు గదా యని బ్యాంకుకు పొమ్మందురు, అత్తయ్యను భాందక్ స్టేషనులో దింపి రమ్మందురు. గని కార్మికుని నిద్రకు లభించిన గౌరవము మేలుకొని పని చేయువానికి లభింపకపోవుట విచిత్రము కాదా?

ఇందుకు కారణము పెద్దల కఠినత్వము కాదు. ఆ పని వారి కంటికి కనబడకపోవుటయే కారణము. పని ఇంటనే జరుగుట మనకు క్రొత్త కాదు గదా! తెలంగాణమున సిరిసిల్ల మొదలు మహారాష్ట్రమున షోలాపూరు వరకు మన పద్మశాలి కుటుంబములు గుంటమగ్గము చుట్టును ఇంటిని అమర్చుకొని జీవించినవి. ఒకరు నేయుచుండగా మరొకరు కండెలు చుట్టుదురు. ముసలివారు చిక్కులు విడదీయుదురు. పడుగు మీద గుడ్డ జానెడు జానెడుగ పెరుగుచుండ, పని జరుగుచున్నదని చంటిబిడ్డకు సైతము తెలియును. మన భద్రావతియే కుండల పనికి పేరు వడసిన ఊరు. ఇచ్చటి గ్రామోదయ సంఘము ఆ పనివారికి శిక్షణ నిచ్చుటలో ప్రసిద్ధి కెక్కినది. సారె తిరుగుచుండగా కుమ్మరిని కూరగాయలకు పొమ్మనువారు ఎవరైన నున్నారా? మగ్గము మీది గుడ్డయు, సారె మీది కుండయు కంటి ఎదుట పెరుగును. కంప్యూటరు తెర మీద పెరుగునది దానిని చేయువానికి మాత్రమే కనబడును. ఇతరులకు అతడు ఊరక కూర్చున్నట్లే తోచును.

కనుక ఇంటనుండి పని చేయువాని మొదటి కర్తవ్యము తన పని యెట్టిదో పెద్దలకు విడమరచి చెప్పుట. తాను ఎవరికి జవాబుదారియో, దినమునకు ఎంత పని ముగింపవలెనో, ఏ వేళ పిలుపు వచ్చునో, ఆ వేళకు లేనిచో ఏమి నష్టమో తెలుపవలెను. వారికి అర్థము కాదని తలుపు వేసికొనుట వలన ఉభయులకును మనస్తాపమే మిగులును. గనిలో దిగని అమ్మమ్మ గని షిఫ్టులన్నింటిని గుర్తుంచుకొన్నది. ఆమె మనుమని వీడియో సమావేశపు వేళను మాత్రము గుర్తుంచుకొనజాలదా?

ప్రపంచమున జరిగిన పరిశోధనలును ఈ సంగతినే సూచించుచున్నవి. 2010వ సంవత్సరాంతమున చైనా దేశమున షాంఘై నగరములో సీట్రిప్ అను ప్రయాణ సేవల కంపెనీలో ఒక ప్రయోగము ప్రారంభమైనది. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, అతని సహచరులు దీనిని పరిశీలించిరి. ఫోనుమీద పని చేయు ఉద్యోగులలో ఇష్టపడినవారిని రెండు భాగములుగ చేసి, ఒక భాగమును వారమునకు నాలుగు దినములు ఇంటనుండి పని చేయనిచ్చిరి. తొమ్మిది నెలలలో ఇంటనుండి చేసినవారి పని నూటికి 13 వంతులు పెరిగినది. ఇందులో అధికభాగము విరామములును, జబ్బు సెలవులును తగ్గుటచే కలిగినది. తక్కినది నిమిషమునకు ఎక్కువ పిలుపులకు బదులు చెప్పుటచే కలిగినది. ఇంటిలోని నిశ్శబ్దమే ఈ రెండవ దానికి హేతువని ఉద్యోగులు చెప్పిరి. ఉద్యోగము మానివేయువారి సంఖ్య సగమునకు తగ్గినది.

ఈ ఫలితమును గొప్పగా చెప్పువారు ఒక నిబంధనను మరచుచుందురు. ఆ ప్రయోగమున చేరుటకు ఇంటిలో పనికి ప్రత్యేకమైన గది యుండవలెనని ముందుగనే నియమించిరి. గది గలవారికి కలిగిన ఫలితమది. నలుగురు మసలు నడిమింటిలో, టీవీ ప్రక్కన, కూలరు హోరులో పని చేయువానికి అదే ఫలితము రాలేదని నిందించుట న్యాయము కాదు. మరియొక విషయము. ప్రయోగము ముగిసిన పిదప ఇంటనుండి చేసినవారిలో దాదాపు సగముమంది తిరిగి కార్యాలయమునకే పోగోరిరి. ఒంటరితనము వారిని బాధించినది. చేసిన పనితో పోల్చి చూడగా వారికి పదోన్నతులును తక్కువగ వచ్చినవి. అదే కంపెనీలో 1,612 మంది ఉద్యోగులతో తరువాత జరిపిన మరియొక ప్రయోగపు ఫలితములు 2024లో ప్రచురింపబడినవి. వారమునకు రెండు దినములు మాత్రము ఇంటనుండి చేసినవారి పనిలో లోటు లేదు; ఉద్యోగము మానువారు మూడవ వంతు తగ్గిరి. ఇల్లును కార్యాలయమును పంచుకొనుట పలువురకు హితమని దీనివలన తోచుచున్నది.

ఇక మన ఊరి పరిస్థితికి వత్తము. క్వార్టర్లలో గాని, మన పేటలలోని రెండు గదుల ఇండ్లలో గాని ప్రత్యేకమైన గది చాలమందికి లేదు. గది లేనిచోట వేళయే గది కావలెను. ఉదయము పది మొదలు ఒంటిగంట వరకు ఈ మూల పని జరుగునని నిర్ణయించి, ఆ మూడు గంటలును ఆ మూలను ఎవరును కదలింపకుండుట సాధ్యమైన పనియే. గోడవైపు ముఖము పెట్టి కూర్చుండునట్లు ఒక బల్లయు, నడుము నిలుచునట్టి ఒక కుర్చీయు ఉన్నచో చాలును. మంచము మీద చేరగిలబడి చేయు పని నడుమునకును, పనికిని చేటు.

మన ఎండలను గూడ లెక్కలోనికి తీసికొనవలెను. చంద్రపూరు జిల్లాలో వైశాఖ జ్యేష్ఠములలో వేడిమి 45 డిగ్రీలు దాటుట అందరును ఎరిగినదే. పూణేలోని అధికారికి ఈ మధ్యాహ్నము తెలియదు. పని వేళలు మన చేతిలో నున్నంత మేరకు, బుద్ధిని ఎక్కువగ కోరు పనిని తెల్లవారుజామునకు మార్చుకొని, మధ్యాహ్నమునకు సులభమైన పనిని మిగుల్చుకొనుట మేలు. 2,920 మెగావాట్ల విద్యుత్కేంద్రము మన జిల్లాలోనే యున్నను గాలివానకు తీగ తెగినచో మన దీపము ఆరును. కావున చిన్న ఇన్వర్టరును, ఇంటర్నెట్టు నిలిచినపుడు అక్కరకు వచ్చునట్లు వేరొక కంపెనీ సిమ్మును సిద్ధముగ నుంచుకొనుట విలాసము కాదు; పనిముట్టు.

పనికి మొదలు ఎంత అవసరమో తుది యును అంత అవసరము. చీకటి పడగనే నేతగాడు గుంటనుండి లేచెడివాడు. సైరను మ్రోగగనే గని కార్మికుడు పైకి వచ్చెడివాడు. ఇంటనుండి పని చేయువానికి సైరను లేదు. రాత్రి భోజనమున చేయి కడుగక మునుపే ఫోను మ్రోగును, ఆదివారమును మ్రోగును. ఎల్లప్పుడును పనిలో నుండువాడు ఎక్కువ పని చేయుచున్నాడను భ్రమను విడువవలెను. సాయంత్రము నియమిత వేళకు యంత్రమును మూసి, గుడ్డ కప్పి, భద్రనాగస్వామి గుడి వరకో, చెరువు గట్టు వరకో నడచి రావలెను. ఇంటిలో నుండియు ఇంటికి తిరిగి వచ్చిన భావము అప్పుడే కలుగును.

స్త్రీల విషయము ప్రత్యేకముగ చెప్పవలసి యున్నది. 2019లో జాతీయ గణాంక కార్యాలయమువారు జనులు దినమును ఎట్లు గడుపుచున్నారో దేశమంతట విచారించిరి. జీతము లేని ఇంటి పనులలో పాల్గొను స్త్రీలు దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనులకు వెచ్చించుచున్నారని తేలినది. అనగా స్త్రీకి దాదాపు అయిదు గంటల పని ముందే యున్నది. దానిపై ఎనిమిది గంటల ఉద్యోగము వచ్చి చేరినచో పదమూడు గంటలగును. ఆమె ఇంటిలో నుండుట వలన ఈ మొత్తము తగ్గదు, తరచుగా పెరుగును. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమునకు చేసిన సవరణ, పని స్వభావము అనుకూలించినచో ప్రసూతి సెలవు పిదప ఇంటనుండి పని చేయుటకు యజమాని అనుమతింపవచ్చునని చెప్పినది. శాసనము ఇంతవరకే రాగలదు. వంటింటిలో చట్టము వంట వండదు. కోడలి జీతము ఇంటి అప్పులకును, పిల్లల ఫీజులకును ఉపయోగించుచుండగా, ఆమె పని వేళలో బిడ్డను ఎత్తుకొనుట, అన్నము వార్చుట, బట్టలు ఆరవేయుట భర్తకును మామగారికిని చిన్నతనమెట్లగును? మగ్గము కాలమున కండెలు చుట్టుటను పురుషులు సిగ్గుపడి మానిరా?

ఇంటిపనిని గూర్చి మనవారి చరిత్ర ఒక హెచ్చరికను గూడ ఇచ్చుచున్నది. తెలంగాణమునుండి పోయి షోలాపూరున స్థిరపడిన మన కుటుంబములలో స్త్రీలు తరతరములుగ ఇంట కూర్చుండి బీడీలు చుట్టిరి. మన అడవులలో కోయు తునికాకే ఆ పనికి ముడిసరకు. అచ్చట కూలి వేయింటి లెక్కన. పనికిరానివని తీసివేసిన బీడీలకు కూలి లేదు. దీపము ఖర్చు, స్థలము ఖర్చు, దగ్గు ఖర్చు చుట్టువారివే. పిల్లలు బడి మాని చేయందించిరి. నాలుగు గోడల నడుమ విడివిడిగ నున్నందున వారి కష్టము లోకమునకు కనబడుటకు చాల కాలము పట్టినది. 1966లో చేసిన బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంట చుట్టువారిని గూడ కార్మికులుగ గుర్తించినది. కార్మిక నాయకుడు నరసయ్య ఆడం నాయకత్వమున స్త్రీలు ఏండ్ల తరబడి పోరాడిన పిదప షోలాపూరు చెంత కుంభారిలో వారికై 10,000 ఇండ్ల కాలనీ ఏర్పడి, 2006లో వారికి అందినది. ఇల్లే కార్ఖానా అయిన స్త్రీలకు మంచి ఇల్లు కూలిలో భాగమేనని దానివలన స్పష్టమైనది.

లాప్‌టాపు బీడీ చాట కాదని మేమెరుగుదుము. జీతములలోను, మర్యాదలోను భేదము గొప్పది. అయినను ఇంటికి పనిని పంపు యజమానికి కలుగు లాభము రెండిటను ఒక్కటే. అద్దె, కరెంటు, కుర్చీ, చల్లదనము అతని లెక్కనుండి జారి మన లెక్కలో పడును. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఇంటి పనివారి కొరకు ఒక ఒడంబడిక చేసినది. భారతదేశము దానిని ధ్రువీకరింపలేదు. అదే సంస్థ అంచనా ప్రకారము 2019లో లోకమున 26 కోట్లమంది ఇంటనుండి పని చేయుచుండిరి. వారిలో 14 కోట్ల 70 లక్షలమంది స్త్రీలు. కావున ఉద్యోగమున చేరునపుడే పని వేళలు ఎన్ని, ఇంటర్నెట్టు ఖర్చు ఎవరిది, సెలవు దినములేవి అను సంగతులను కాగితము మీద వ్రాయించుకొనుడని మన యువకులకును యువతులకును సలహా నిచ్చుచున్నాము. దినమునకు ఇన్ని వేలు ఇంట కూర్చుండి సంపాదించవచ్చునని చెప్పి, ముందుగ రుసుము కట్టుమనువారిని నమ్మవలదు. పని ఇచ్చువాడు జీతమిచ్చును. పనివాని నుండి రుసుము పుచ్చుకొనడు.

మన పెద్దలు కొందరు ఇంకొక మాట అనుచున్నారు. పెండ్లి సంబంధము వచ్చినపుడు, అబ్బాయి ఏ ఆఫీసుకు పోవుచున్నాడు, ఇంటిలోనే ఉన్నాడట గదా యని వెనుకాడుచున్నారు. హాజరు పుస్తకమును చూచి మనిషిని లెక్కించు అలవాటు మనకు గనుల నుండి వచ్చినది. ఆ కాలమునకు అది తగును. నేడు అడుగవలసినవి చేయు పని ఏమి, జీతము నెల నెల వచ్చుచున్నదా, భవిష్యనిధి గలదా అను ప్రశ్నలు. వీనికి సరియైన సమాధానము వచ్చినచో, అతడు పని చేయుచోటు పూణేలోని పదవ అంతస్తైనను మన వీధిలోని వెనుకగది యైనను వెరపు లేదు. పైగా ఊరిలోనే యుండు కొడుకు తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసికొని పోగలడు. ఊరిలోనే పెరుగు బిడ్డ తాతమ్మ నోట తెలుగు వినగలదు. పదివేలు ఎక్కువ జీతము ఈ రెండిటికి సాటి వచ్చునా యని ఎవరికి వారు ఆలోచించుకొనవలెను.

మన సంఘము చేయదగిన పనియును ఒకటి కలదు. ఇంటిలో చోటు లేనివారు పలువురున్నారు; ఒంటరితనమున క్రుంగువారును ఉన్నారు. సంఘమునకు అందుబాటులో నున్న గది చాలవరకు సాయంకాలములందును, పండుగలందును మాత్రమే ఉపయోగపడుచున్నది. పగటి వేళ దానిని తెరచి, నాలుగు బల్లలు, ఒక ఇంటర్నెట్టు కనెక్షను, ఒక ఇన్వర్టరు అమర్చి, అయిన ఖర్చును వాడుకొనువారు పంచుకొనునట్లు చేసినచో, రెండు గదుల ఇండ్ల పిల్లలకు మూడవ గది దొరకును. పరీక్షలకు చదువు విద్యార్థులకును అది ఉపయుక్తమగును. మన మరాఠీ పొరుగువారి పిల్లలకును తలుపు మూయవలదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తీసికొని రావలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాము.

అంతవరకును ప్రతి ఇంట చేయదగినది ఖర్చు లేనిది. పని వేళను ఒక కాగితము మీద వ్రాసి వంటింటి గోడకు అంటింపుడు. ఆ వేళలో గొంతు తగ్గింపుడు. చుట్టమును వసారాలో కూర్చుండబెట్టి, లోపల అమ్మాయి డ్యూటీలో ఉన్నదని చెప్పుడు. గని మనిషికి చేసిన మర్యాదనే ఆమెకును చేయుడు.